ఐరిష్ వాళ్లెవరు? రాయి, రాత, రక్తం చెప్పే మూడు కథలు

ఐరిష్ వాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారన్న ప్రశ్నకు మొదటి జవాబు రాసుకున్నది ఐరిష్ వాళ్లే. పదకొండో శతాబ్దంలో అక్కడి పండితులు అప్పటికి చెలామణీలో ఉన్న కథలన్నీ పోగుచేసి ‘లెబోర్ గవాలా’ అనే గ్రంథం కూర్చారు. దీవిని ఒకరి తరువాత ఒకరు ఆక్రమించిన జనాల కథ అది. నోవహు మనవరాలు కెస్సిర్‌తో మొదలవుతుంది. ఆ తరువాత పార్థలోన్, నెమెద్, ఫిర్ బోల్గ్ జనాలు వస్తారు. వాళ్ల వెనక దేవతల్లాంటి టూహా డే డానన్, చివరికి స్పెయిన్ నుంచి ఓడలెక్కి మీల్ కొడుకులు దిగుతారు. ఈ ఆఖరివాళ్లే తమ మూలపురుషులని గ్రంథం తేల్చింది. బైబిలు వంశావళికి సొంత పురాణాన్ని ముడివేసిన ఈ కథను కొన్ని వందల ఏళ్ల పాటు చరిత్రగానే చదువుకున్నారు.

పద్దెనిమిదో శతాబ్దం నుంచి జవాబు మారింది. మీల్ కొడుకుల స్థానంలో కెల్టులు వచ్చారు. మధ్య ఐరోపా నుంచి ఇనుప కత్తులతో వచ్చి, స్థానికులను జయించి, తమ భాషను, వీరగాథలను నాటిన జాతి అని పాఠ్యపుస్తకాలు చెప్పాయి. పేర్లు మారాయి కానీ కథ నడక మారలేదు. బయటి నుంచి ఒక జనం ఓడల్లో రావాలి, గెలవాలి, ఆ గెలుపుతోనే జాతి పుట్టాలి. గత యాభై అరవై ఏళ్ల తవ్వకాలు, పాత చట్టగ్రంథాల పరిష్కరణలు, చివరగా డీఎన్‌ఏ పరీక్షలు ఈ కథను మూడు వైపుల నుంచీ విప్పేశాయి. ఐర్లాండుకు జనం వచ్చిన కాలం వేరు, భాష వచ్చిన కాలం వేరు, ‘మనమంతా ఒక్కటి’ అన్న భావన కుదిరిన కాలం వేరు అని ఇప్పుడు తెలుస్తోంది. ఈ మూడింటినీ ఒకే సంఘటనగా కలిపేయడమే పాత చరిత్రల్లోని అసలు లోపం.

మంచు కరిగాక

మిగతా ఐరోపాతో పోలిస్తే ఐర్లాండులో మనిషి జాడ ఆలస్యంగానే కనిపిస్తుంది. క్లేర్ కౌంటీలోని ఒక గుహలో 1903లో దొరికిన ఎలుగుబంటి మోకాలి ఎముకను వందేళ్లకు పైగా ఎవరూ పట్టించుకోలేదు. 2016లో దాన్ని మళ్లీ పరీక్షిస్తే, దాని మీద రాతి కత్తి గాట్లున్నాయనీ, వయసు దాదాపు 12,500 ఏళ్లనీ తేలింది. ఆ వేటగాళ్లు నిలబడలేదు. స్థిరమైన ఆనవాళ్లు క్రీ.పూ. 8000 ప్రాంతం నుంచి మొదలవుతాయి. ఉత్తరాన బాన్ నది ఒడ్డున మౌంట్ శాండెల్ దగ్గర గుండ్రటి గుడిసెల గుంతలు బయటపడ్డాయి. అక్కడివాళ్లు సాల్మన్ చేపలు, అడవి పందులు, హేజల్ గింజలు తిని బతికారు. నాలుగు వేల ఏళ్ల పాటు దీవి మొత్తం మీద కొన్ని వేలమంది వేటగాళ్లే ఉన్నారని అంచనా.

క్రీ.పూ. 4000 తరువాత వ్యవసాయం వచ్చింది. గోధుమ, బార్లీ, ఆవులు, గొర్రెలు, కుండలు అన్నీ సముద్రం దాటి వచ్చినవే. మేయో కౌంటీలో కేజ ఫీల్డ్స్ అనే చోట పీట్ (కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడే మట్టి) నేల కింద పొలాల రాతి గట్లు కిలోమీటర్ల కొద్దీ బయటపడ్డాయి. వంటచెరకు కోసం పీట్ తవ్వుతున్న ఒక బడిపంతులు 1930లలో ఆ రాళ్లు వరసగా పేర్చి ఉండడం గమనించారు. తరువాత ఆర్కియాలజిస్టు అయిన ఆయన కొడుకు షేమస్ కాల్‌ఫీల్డ్ వాటిని లోకానికి చూపించారు.

ఈ రైతులు కట్టినదే న్యూగ్రేంజ్. మీథ్ కౌంటీలో బాయిన్ నది వంపులో, క్రీ.పూ. 3200 ప్రాంతంలో లేపిన సమాధి దిబ్బ అది. గీజా మహా పిరమిడ్ కన్నా ఆరు వందల ఏళ్లు పాతది. అడ్డంగా 80 మీటర్లకు పైనే ఉంటుంది. చుట్టూ 97 పెద్ద రాళ్లు, లోపలికి 19 మీటర్ల ఇరుకు దారి, దాని చివర సున్నం లేకుండా రాయి మీద రాయి ముందుకు జరుపుతూ కప్పిన గది. ఆ గదిలోకి ఐదు వేల ఏళ్లుగా వాననీరు దిగలేదు. గుమ్మం మీద చిన్న కిటికీలాంటి రంధ్రం ఉంది. అదెందుకో చాలాకాలం అర్థం కాలేదు. తవ్వకాలు నడిపించిన మైకేల్ ఓకెల్లీ 1967 డిసెంబరు 21 తెల్లవారుజామున లోపల ఒంటరిగా కూర్చున్నారు. సూర్యోదయమైన కొద్ది నిమిషాలకు సన్నటి వెలుగు ఆ రంధ్రం గుండా వచ్చి, దారి పొడవునా పాకి, గది చివరి దాకా చేరింది. పదిహేడు నిమిషాల తరువాత వెళ్లిపోయింది. ఏడాదిలో అతి చిన్న పగటికి గురి చూసి కట్టిన కట్టడమని అప్పుడు రుజువైంది. ఇప్పుడు ఆ ఉదయాల్లో లోపలికి వెళ్లాలంటే లాటరీలో పేరు రావాలి.

ఇంత కట్టిన జనానికి ‘కెల్టు’ అన్న పేరు ఏ లెక్కన చూసినా వర్తించదు. ఐర్లాండు ప్రాచీన సంస్కృతికి గుర్తుగా పోస్టర్ల మీద వేసే మెలికల చుట్ల చిత్రం న్యూగ్రేంజ్ రాళ్లదే. దాన్ని కెల్టుల కళ అని అమ్మే దుకాణాలు రెండు వేల ఏళ్లకు పైగా తేడాను పట్టించుకోవు.

ఎముకలు చెప్పిన సాక్ష్యం

రక్తసంబంధం విషయంలో పెద్ద మలుపు 2015లో వచ్చింది. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ, బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీ పరిశోధకులు నాలుగు ప్రాచీన అస్థిపంజరాల జన్యుపటాలు ప్రకటించారు. అందులో ఒకరు బెల్‌ఫాస్ట్ దగ్గర బాలినహాటీలో 1855లో దొరికిన రైతు స్త్రీ. సుమారు 5,200 ఏళ్ల కిందటిది. నల్లజుట్టు, గోధుమరంగు కళ్లు. ఆమె పూర్వీకుల్లో ఎక్కువమంది పశ్చిమాసియా మూలాలున్న తొలి రైతులు. మిగతా ముగ్గురు మగవాళ్ల ఎముకలు రాత్లిన్ దీవిలో ఒక పబ్బు వెనక నేల చదును చేస్తుంటే 2006లో బయటపడ్డాయి. సుమారు నాలుగు వేల నుంచి మూడున్నర వేల ఏళ్ల కిందటి కంచుయుగపు వాళ్లు. వీళ్లలో నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డిమైదానాల పశుపాలకుల వారసత్వం గణనీయంగా కనిపించింది. నేటి ఐరిష్, స్కాటిష్, వెల్ష్ జనాలకు దగ్గరి పోలిక వీళ్లతోనే. ఒంట్లో ఇనుము పేరుకుపోయే హీమోక్రొమటోసిస్ జబ్బు ఐరిష్ వాళ్లలో ఎక్కువ. దానికి కారణమైన జన్యుమార్పు కూడా ఈ రాత్లిన్ ఎముకల్లోనే ఉంది.

తాత్పర్యం స్పష్టం. నేటి ఐరిష్ జనాభా మూలస్వరూపం కంచుయుగం తొలినాళ్లలోనే, అంటే పాఠ్యపుస్తకాల కెల్టులు రావలసిన తేదీకి పదిహేను వందల ఏళ్లు ముందే కుదిరిపోయింది. ఈ కొత్తవాళ్లు వచ్చిన కాలంలోనే కిలార్నీ సరస్సు ఒడ్డున రాస్ ఐలాండ్ దగ్గర రాగి గనులు మొదలయ్యాయి. నెలవంక ఆకారంలో రేకులుగా కొట్టిన బంగారు కంఠాభరణాలు ఎనభైకి పైగా దొరికాయి. లోహం తెలిసిన జనం తక్కువ తరాల్లోనే పాత రైతుల స్థానంలోకి ఎలా వచ్చారో, అది యుద్ధమా, రోగమా, మెల్లగా సాగిన కలయికా అన్నది జన్యువులు చెప్పవు.

జన్యుశాస్త్రం కొన్ని ఊహించని సంగతులూ చెప్పింది. క్లేర్ కౌంటీలోని పూల్నబ్రోన్ రాతి సమాధిలో, ఐదున్నర వేల ఏళ్ల కిందట పాతిపెట్టిన ఒక పాలు తాగే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందని 2020లో తేలింది. ఊరందరికీ దక్కని సమాధిలో ఆ బిడ్డకు చోటు దక్కింది. అదే అధ్యయనంలో న్యూగ్రేంజ్ గదిలో దొరికిన ఒక మగమనిషి ఎముక ప్రకారం అతని తల్లిదండ్రులు అన్నాచెల్లెళ్లో, లేక తల్లీకొడుకుల వంటి అంత దగ్గరి రక్తసంబంధీకులో అయ్యుండాలి. ఫారోల మాదిరిగా దైవాంశ రాజవంశం ఒకటి అక్కడ ఉండేదని దీన్నిబట్టి వాదించారు. ఒక్క ఎముక ముక్క మీద ఒక రాజ్యాన్నే నిలబెట్టడం కుదరదని ఆ తరువాత ఇతర ఆర్కియాలజిస్టులు గట్టిగానే ఎదురుచెప్పారు. ఈ ఎదురుమాటే న్యాయంగా ఉంది. వాయవ్య ఐర్లాండులో ప్రతి ఐదుగురు మగవాళ్లలో ఒకరికి ఉన్న ఒక వై క్రోమోజోము గుర్తును 2006లో ‘తొమ్మిది బందీల నీల్’ అనే పురాణప్రాయపు రాజుకు అంటగట్టినప్పుడూ ఇదే జరిగింది. గుర్తు నిజం. దాని మీద వేసిన కిరీటానికి ఆధారం లేదు.

కెల్టుల చిక్కు

మరి కెల్టులు ఎవరు? గ్రీకు, రోమన్ రచయితలు ఐరోపా ప్రధాన భూభాగంలోని కొన్ని తెగలను ఆ పేరుతో పిలిచారు. ఐర్లాండు వాళ్లను ఎవరూ అలా పిలవలేదు. ఐరిష్ వాళ్లూ తమను అలా చెప్పుకోలేదు. ఆ పేరును ఈ దీవికి తెచ్చిపెట్టినవాళ్లలో ముఖ్యుడు వేల్స్ పండితుడు ఎడ్వర్డ్ హ్లూయిడ్. విశేషమేమంటే 1699లో న్యూగ్రేంజ్ గదిలోకి దిగి దాని వర్ణన రాసిందీ ఆయనే. 1707లో వెలువడిన తన గ్రంథంలో ఐరిష్, వెల్ష్, కార్నిష్, బ్రెటన్ భాషలు ఒకే కుటుంబానివని చూపించారు. భాషల గురించిన ఆ మంచి ఆవిష్కరణ మరో వందేళ్లలో జాతి గురించిన సిద్ధాంతంగా మారిపోయింది. పంతొమ్మిదో శతాబ్దంలో కెల్టు అంటే భావుకుడు, కలలు కనేవాడు, పరిపాలనకు పనికిరానివాడు అని మాథ్యూ ఆర్నల్డ్ వంటివాళ్లు మెచ్చుకోలుగానే తీర్పిచ్చారు. ఐరిష్ జాతీయవాదులు ఆ ముద్రనే తిప్పి గర్వకారణం చేసుకున్నారు. తిట్టినవాళ్లూ పొగిడినవాళ్లూ ఒకే కొక్కేనికి మాటలు తగిలించారు.

తవ్వకాలు మాత్రం దండయాత్రను చూపించలేదు. లా టేన్ అనే ఇనుపయుగపు శైలి వస్తువులు దొరికేవి చాలావరకు దీవి ఉత్తర సగంలోనే. దక్షిణాన దాదాపు లేవు. ఆ కాలపు ఐరిష్ వాళ్లు కుండలు కూడా చేయలేదు. బయటినుంచి ఒక జనమే తరలివస్తే తమ కుండలు, తమ ఇళ్లు, తమ సమాధులు వెంట తేవాలి. అవేవీ లేవు. సైమన్ జేమ్స్ 1999లో ‘ది అట్లాంటిక్ కెల్ట్స్’ పుస్తకంలో ప్రాచీన కెల్టు జాతి అన్నదే ఆధునిక కల్పన అని వాదించి పెద్ద దుమారం లేపారు.

అయితే ఆ వాదన కూడా భాష దగ్గర ఆగాలి. ఐరిష్ కెల్టిక్ భాష అన్నదాంట్లో సందేహం లేదు. అది ఇండో యూరోపియన్ కుటుంబంలోది కాబట్టి దీవిలోనే పుట్టి ఉండదు. ఎవరో తేవాలి. ఎప్పుడు? గడ్డిమైదానాల వారసులతో కలిసి క్రీ.పూ. 2400 ప్రాంతంలోనే వచ్చిందని ఒక పక్షం. కంచుయుగం చివర, కొండకోటలు వెలిసిన క్రీ.పూ. 1000 ప్రాంతంలో అని మరో పక్షం. లా టేన్ కత్తులు పట్టిన చిన్న యోధవర్గంతో అని పాత పక్షం. బారీ కన్లిఫ్, జాన్ కోక్ అయితే కెల్టిక్ భాషలు అట్లాంటిక్ తీరంలోనే రూపుకట్టి తూర్పుకు వెళ్లాయని తిరగేసి చెప్పారు. జె.పి. మాలరీ 2013లో రాసిన ‘ది ఆరిజిన్స్ ఆఫ్ ది ఐరిష్’ ఈ వాదాలన్నిటినీ తూకం వేసిన మంచి పుస్తకం. ఆయన మొగ్గు కొండకోటల కాలం వైపు. కంచుయుగం నుంచి జనాభా పెద్దగా మారలేదన్న జన్యుసాక్ష్యం మొదటి పక్షానికి బలమిస్తుంది. కానీ ఎముకకు భాష అంటుకుని ఉండదు. జనం మారకుండా భాష మారడం చరిత్రలో ఎన్నోసార్లు జరిగింది. అసలు ఐర్లాండులోనే ఐరిష్ పోయి ఇంగ్లీషు నిలిచింది అలాగే కదా.

రోమ్ రాని దీవి

బ్రిటన్‌ను జయించిన రోమన్ సేనాని అగ్రికోలా ఐర్లాండును ఒక్క లీజియన్‌తో పట్టేయవచ్చని అనేవాడని అతని అల్లుడు టాసిటస్ రాశాడు. ఆ లీజియన్ రాలేదు. క్రీ.శ. 150 ప్రాంతంలో టోలెమీ ఐర్లాండు నదుల, తెగల పేర్లతో పట్టిక ఇచ్చాడు. వర్తకులు వచ్చిపోయేవాళ్లు. న్యూగ్రేంజ్ దిబ్బ దగ్గర రోమన్ బంగారు నాణేలు, నగలు కానుకల్లా వదిలి ఉన్నాయి.

రోమన్ రోడ్లు లేవన్నంత మాత్రాన దీవి నిద్రపోలేదు. లాంగ్‌ఫర్డ్ కౌంటీ కోర్లీలో బురద నేల మీద ఓక్ పలకలు పరిచిన బాట ఉంది. చెట్టు వలయాల లెక్కతో అది క్రీ.పూ. 148 నాటిదని తేలింది. వీరగాథల్లో అల్‌స్టర్ రాజధానిగా వినిపించే నావన్ కోటలో నలభై మీటర్ల అడ్డకొలతతో పెద్ద చెక్క మండపం లేపారు. నడిమి స్తంభానికి చెట్టు నరికిన కాలం క్రీ.పూ. 95. లేపి, సున్నపురాళ్లతో నింపి, కావాలనే తగలబెట్టి, మట్టి కప్పేశారు. అదే చోట ఉత్తర ఆఫ్రికాకు చెందిన బార్బరీ కోతి పుర్రె ఒకటి దొరికింది. పీట్ నేలల్లో చెక్కుచెదరకుండా దొరికిన శవాలు మరో సాక్ష్యం. 2003లో బయటపడిన ఓల్డ్ క్రోగన్ మనిషి ఆరడుగులు దాటిన ఆజానుబాహుడు. పొడిచి, తల నరికి, చనుమొనలు కోసి బురదలో తొక్కారు. పంట పండని ఏట బలిచ్చిన రాజో, రాజు కావలసినవాడో అయ్యుంటాడని నేషనల్ మ్యూజియానికి చెందిన ఈమన్ కెల్లీ ఊహించారు. ఊహే అయినా, రాజు ధర్మం తప్పితే పైరు పండదన్న నమ్మకం తరువాతి ఐరిష్ గ్రంథాల్లో నిండుగా ఉంది.

క్రీ.శ. నాలుగు, ఐదు శతాబ్దాల్లో ఓగమ్ లిపి వచ్చింది. నిలువు రాతి అంచు వెంట గీతలు, గాట్లు చెక్కే ఇరవై అక్షరాల లిపి. నాలుగు వందల దాకా శాసనాలు మిగిలాయి. కెర్రీ, కార్క్, వాటర్‌ఫర్డ్ జిల్లాల్లో ఎక్కువ. అన్నిటిలో ఉన్నది దాదాపు ఒకటే: ఫలానావాడి కొడుకు ఫలానావాడి రాయి. ఐరిష్ భాషకు దొరికిన తొలి రాతపూర్వక సాక్ష్యాలు ఇవే.

ఆవు, పరువు, తీర్పు

ఏడో శతాబ్దం నుంచి ఐర్లాండు తన గురించి తానే రాసుకోవడం మొదలుపెట్టింది. అక్కడినుంచి చరిత్రకారుడి చేతికి సాక్ష్యాలు పుష్కలం. అందులో అన్నిటికన్నా విలువైనవి వీరగాథలు కావు, చట్టాలు. బ్రెహన్‌లు అనే న్యాయవేత్తల సంప్రదాయంలో ‘షెన్‌హస్ మార్’ వంటి స్మృతులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కూర్చారు. ఫర్గస్ కెల్లీ 1988లో తెచ్చిన పరిచయగ్రంథం ఈ అడవిలోకి మంచి దారి.

ఆ చట్టాల్లో కనిపించే దేశంలో ఊళ్లు లేవు, పట్టణాలు అసలే లేవు. నాణెం లేదు. మట్టికట్టల గుండ్రటి ఆవరణల్లో ఒక్కో కుటుంబం విడివిడిగా ఉండేది. అటువంటివి 45,000 దాకా గుర్తించారు. నూట యాభై దాకా చిన్నచిన్న రాజ్యాలు. తిండి పాలు, వెన్న, జున్ను, ఓట్స్, బార్లీ. ఐరిష్ వాళ్ల పేరుతో కలిసిపోయిన బంగాళాదుంప రావడానికి ఇంకా వెయ్యేళ్లు పట్టింది. సంపద అంటే ఆవులే. వాటికన్నా పెద్ద లెక్కకు ప్రమాణం ఆడబానిస. రాను రాను అది వట్టి లెక్కగా మిగిలి, ఒక ఆడబానిస అంటే ఇన్ని పాడి ఆవులని కట్టుకునేవాళ్లు. స్వేచ్ఛాజీవుల సమాజమని ఐర్లాండును మెచ్చుకునేవాళ్లు ఈ కొలమానం దగ్గర ఆగి చూడాలి.

మనిషికి ఇంత అని పరువు ధర ఉండేది. అతన్ని చంపినా, అవమానించినా, అతని ఇంట్లో దొంగతనం చేసినా ఆ ధర చెల్లించాలి. అతని సాక్ష్యం కూడా ఆ ధర మేరకే చెల్లుతుంది. రాజుకు, బిషప్‌కు, పెద్ద కవికి సమానమైన హోదా. అన్యాయంగా తిట్టుకవిత్వం చెప్పినా, తీర్పు తప్పినా, యుద్ధంలో పారిపోయినా ఎవరి పరువు ధర వాళ్లు పోగొట్టుకోవచ్చు. రాజైనా ఇంతే. తేనెటీగల మీద ప్రత్యేకంగా ఒక చట్టగ్రంథమే ఉంది. ఈగలు పక్కవాడి పూల మీద మేస్తాయి కాబట్టి అతనికీ వాటా రావాలి. మూడేళ్లు మినహాయింపు, ఆ తరువాత కొత్త తుట్టెల్లో పంపకం. అందులోనే కొంగల్ కేఖ్ అనే రాజు ప్రస్తావన వస్తుంది. తేనెటీగ కుట్టి ఒక కన్ను పోతే, అంగవైకల్యం ఉన్నవాడు రాజుగా ఉండరాదన్న నియమం ప్రకారం అతను టారా సింహాసనం పోగొట్టుకున్నాడు. మరో గ్రంథం రాజుగారి వారం ఎలా గడవాలో చెబుతుంది. ఆదివారం ప్రజలతో బీరు తాగడం, సోమవారం వ్యవహారాలు, మంగళవారం పలక మీద ఆట, బుధవారం వేటకుక్కల పరుగులు, గురువారం రాణితో ఏకాంతం, శుక్రవారం గుర్రప్పందేలు, శనివారం తీర్పులు. ఇంత చిన్న రాజ్యానికి రాజు చక్రవర్తి కాలేడని ఈ పట్టికే చెబుతోంది.

పిల్లలను ఏడేళ్ల ప్రాయంలో వేరే ఇంటికి పెంపకానికి పంపడం మామూలు. ఆ పెంపుడు అన్నదమ్ముల బంధం సొంత రక్తం కన్నా గట్టిది. పెళ్లిళ్లలో రకాలున్నాయి. విడాకులకు భార్య చూపగల కారణాలను చట్టం వరసగా లెక్కించింది. క్రైస్తవం వచ్చాక కూడా ఒకరికి మించి భార్యలుండడాన్ని పాత నిబంధనలోని పితరులను చూపించి సమర్థించారు. 697లో బిర్ దగ్గర జరిగిన సభలో అడొమ్నాన్ అనే మఠాధిపతి స్త్రీలను, పిల్లలను, మతాధికారులను యుద్ధంలో చంపకూడదన్న శాసనం చేయించాడు. తొంభైమందికి పైగా రాజులు, మతపెద్దలు దానికి పూచీ ఇచ్చారు.

ఏడాదిని నాలుగు పండుగలు పంచేవి. నవంబరు మొదట సావిన్, ఫిబ్రవరి మొదట ఇంబోల్క్, మేలో బెల్టనె, ఆగస్టులో లూనసా. పశువులు కొండదిగే రోజులు, గొర్రెలు ఈనే రోజులు, మందలను మేతకు తోలే రోజులు, కోతలు మొదలయ్యే రోజులు. సావిన్ ముందు రాత్రి ఇప్పటి హాలోవీన్‌లో మిగిలింది.

మఠం, దూడతోలు, అక్షరం

క్రైస్తవాన్ని పాట్రిక్ ఒక్కడే తెచ్చాడన్నది భక్తుల మాట. 431లోనే పోపు సెలెస్టిన్ పల్లాడియస్ అనే బిషప్‌ను ‘క్రీస్తును నమ్మే ఐరిష్ వాళ్ల’ దగ్గరికి పంపినట్టు సమకాలిక చరిత్ర చెబుతోంది. అంటే నమ్మేవాళ్లు అప్పటికే ఉన్నారు. పాట్రిక్ స్వయంగా లాటిన్‌లో రాసుకున్న రెండు రచనలు మిగలడం మాత్రం అదృష్టం. బ్రిటన్‌లో పుట్టి, పదహారో ఏట ఐరిష్ దోపిడీదారుల చేత చిక్కి, ఆరేళ్లు పశువులు కాసి, తప్పించుకుపోయి, మళ్లీ తన్ను బానిసను చేసిన దేశానికే బోధకుడిగా తిరిగొచ్చాడు. రెండో రచన తన కొత్త విశ్వాసులను పట్టుకుపోయి అమ్ముకున్న ఒక బ్రిటిష్ నాయకుడి మీద నిప్పులు కక్కే లేఖ. పాములను తరిమికొట్టాడన్న కథ తరువాత పుట్టింది. ఐర్లాండులో పాములు లేవని రోమన్ రచయిత సోలైనస్ పాట్రిక్‌కు రెండు శతాబ్దాల ముందే రాశాడు. జాతీయ సాధువుగా పాట్రిక్ ఎదగడం వెనక ఏడో శతాబ్దంలో దీవి మొత్తం చర్చిల మీద పెత్తనం కోరిన ఆర్మా పీఠం ఉంది.

పట్టణాలు లేని దేశంలో మఠాలే పట్టణాల పని చేశాయి. క్లోన్‌మక్‌నాయిస్, బాంగర్, కిల్డేర్ పెద్ద కేంద్రాలయ్యాయి. అట్లాంటిక్‌లో 218 మీటర్ల ఎత్తున నిలువుగా లేచిన స్కెలిగ్ మైకేల్ కొండ మీద తేనెపట్టు ఆకారపు రాతి గదులు కట్టుకుని సన్యాసులు బతికారు. కొలంబా 563లో అయోనా దీవిలో, కొలంబానస్ ఆరో శతాబ్దం చివర ఫ్రాన్సులోను, తరువాత ఇటలీలోని బొబ్బియోలోను మఠాలు పెట్టారు.

లాటిన్ వాళ్లకు మాతృభాష కాదు. వ్యాకరణం పట్టి నేర్చుకున్న పరాయి భాష. రోమన్లు పదాల మధ్య ఖాళీ లేకుండా రాసేవాళ్లు. ఐరిష్ లేఖకులు చదువుకోవడానికి వీలుగా పదానికీ పదానికీ మధ్య ఎడం వదలడం స్థిరపరిచారు. ఇప్పుడు ఐరోపా అంతా వాడుతున్న పద్ధతి అది. వందల దూడల తోళ్ల మీద 800 ప్రాంతంలో తయారైన ‘బుక్ ఆఫ్ కెల్స్’ ఈ శ్రమకు శిఖరం. అయితే మనుషులు కనబడేది అంచుల్లో. సెయింట్ గాలెన్‌లో ఉన్న ఒక లాటిన్ వ్యాకరణప్రతి అంచున లేఖకుడు ఓగమ్ అక్షరాల్లో రహస్యంగా ఒక్క మాట చెక్కాడు. రాత్రి తాగిన బీరు దెబ్బకు తల పనిచేయడం లేదని దాని భావం. ఐరిష్ వాళ్ల తొలి వ్యాకరణపండితుల గురించి ఏ సాధుచరిత్రా ఇంత నిజం చెప్పదు.

కిటికీనా, అద్దమా?

వీరగాథల్లో తలమానికం ‘టాన్ బో కూలీ’. కొనాఖ్త్ రాణి మేవ్, ఆమె భర్త ఆలిల్ పక్క మీద పడుకుని ఎవరి ఆస్తి ఎంతో లెక్కలు వేసుకుంటారు. ఒక్క ఆబోతు దగ్గర మేవ్ లెక్క తగ్గుతుంది. దానికి సమానమైన కూలీ ఆబోతు కోసం ఆమె అల్‌స్టర్ మీద దండు కదిలిస్తుంది. అల్‌స్టర్ యోధులు శాపం తగిలి పడి ఉంటే, పదిహేడేళ్ల కూ హల్లిన్ ఒక్కడే రేవుల్లో నిలబడి సైన్యాన్ని ఆపుతాడు. తనతో కలిసి పెరిగిన ఫెర్దియాను తన చేత్తోనే చంపాల్సి వస్తుంది. చివరికి రెండు ఆబోతులూ కుమ్ముకుని చస్తాయి. విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం చదివినవాళ్లకు పశువుల కోసం యుద్ధం, ఒంటరి వీరుడు, భయపడ్డ రాజ్యం కొత్తగా ఏమీ అనిపించవు. పశువే ధనమైన సమాజంలో వీరత్వానికి పరీక్ష మంద దగ్గరే జరుగుతుంది.

ఈ గాథ మనకు దొరుకుతున్న ప్రతులు పన్నెండో శతాబ్దానివి. కథాకాలం క్రీస్తు కాలమని లేఖకులు చెప్పారు. కెన్నెత్ జాక్సన్ 1964లో దీన్ని ఇనుపయుగంలోకి తెరుచుకున్న కిటికీ అన్నారు. జేమ్స్ కార్నీ అంతకుముందే, కిమ్ మకోన్ 1990లో మరింత పదునుగా అడ్డుచెప్పారు. ఇవి మఠాల్లో, బైబిలూ లాటిన్ కావ్యాలూ చదివిన క్రైస్తవులు తమ కాలపు రాజకీయాల కోసం మలిచిన రచనలని వాళ్ల వాదం. గాథలోని కత్తులు, ఆభరణాలు ఇనుపయుగానివి కావు, రాసినవాళ్ల కాలానికి దగ్గరివని మాలరీ కూడా చూపించారు. అయినా నావన్‌లో తగలబడిన మండపం ఉంది. క్రైస్తవ లేఖకుడు కల్పించలేని పాత ముక్కలు గాథల్లో ఉన్నాయి. పాత సామాను, కొత్త ఇల్లు. ఏ వస్తువు ఏ కాలానిదో ఒక్కొక్కటిగా తేల్చుకోవాలే తప్ప, మొత్తంగా కిటికీ అనో అద్దం అనో తీర్పివ్వడం కుదరదు.

మన వైపు నుంచి చూస్తే

ఈ పరిశోధనకు భారతదేశంతో చిత్రమైన సంబంధం ఉంది. ప్రాచీన ఐరిష్ గ్రంథాలను అచ్చులోకి తెచ్చిన మహాపండితుల్లో ఒకరైన విట్లీ స్టోక్స్ 1862లో ఇండియాకు వచ్చి, 1877 నుంచి 82 దాకా వైస్రాయి కౌన్సిల్లో న్యాయసభ్యుడిగా ఉన్నారు. పగలు మన చట్టాల చిత్తుప్రతులు, తీరిక వేళల్లో పాత ఐరిష్ వ్యాఖ్యలు. అదే పదవి అంతకుముందు చేసిన హెన్రీ మెయిన్ 1875లో ఒక పోలిక ఎత్తిచూపారు. ఐరిష్ చట్టంలో పెద్దవాడి నుంచి బాకీ రాబట్టాలంటే అప్పిచ్చినవాడు అతని గుమ్మం ముందు పస్తు కూర్చోవాలి. పట్టించుకోకుండా భోంచేసినవాడు రెట్టింపు చెల్లించాలి, పరువూ పోతుంది. మన ధర్నా అదే. రాజు సత్యం వల్ల వానలు కురుస్తాయన్న నమ్మకం కూడా రెండు చోట్లా ఉంది. మైల్స్ డిలన్ ఈ పోలికలను సమీకరించి, ఇవి ఇండో యూరోపియన్ల ఉమ్మడి వారసత్వమని వాదించారు. కొన్ని అయ్యుండవచ్చు. కొన్ని ఒకేరకం సమాజాల్లో విడివిడిగా పుట్టినవీ కావచ్చు. మరో సంబంధం మదనపల్లెది. ఐరిష్ పురాణాలను నాటకాలుగా రాసి సాహిత్య పునరుజ్జీవనంలో పాలుపంచుకున్న జేమ్స్ కజిన్స్ తరువాత మదనపల్లె కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 1919లో అక్కడికి వచ్చిన టాగూర్ గీతానికి ఆయన భార్య మార్గరెట్ స్వరలిపి కుదిర్చారు.

తేలిందేమిటి

795లో వైకింగులు తీరం మీద పడేనాటికి ఐర్లాండు డజన్ల కొద్దీ రాజ్యాలుగా చీలి ఉంది. కానీ దీవి పొడవునా కవులకు, న్యాయవేత్తలకు ఒకే ప్రామాణిక భాష, ఒకే చట్టసంప్రదాయం, ఒకే వంశావళి ఉన్నాయి. రాజు సరిహద్దు దాటితే పరాయివాడు. కవి ఎక్కడికెళ్లినా కవే. ఐరిష్ జాతి తయారైంది ఈ కవుల, న్యాయవేత్తల, లేఖకుల చేతుల్లో, ఏడో శతాబ్దం నుంచి పదకొండో శతాబ్దం దాకా. ‘లెబోర్ గవాలా’ ఆ పనికి ముగింపు. వేటగాళ్లను, పశ్చిమాసియా రైతులను, గడ్డిమైదానాల పశుపాలకులను, బ్రిటన్ నుంచి ఎత్తుకొచ్చిన బానిసలను కలిపి ఒక్క మూలపురుషుడి బిడ్డలను చేసింది.

అది అబద్ధమని కొట్టేయడం తేలిక. కానీ రక్తం ఇచ్చే జవాబు జాతి ఎవరన్న ప్రశ్నకు జవాబు కాదన్నది ఈ సమీక్ష నిగ్గుతేల్చే విషయం. డీఎన్‌ఏ ఫలితాలతో కొత్త మీల్ కొడుకులను పుట్టించే పత్రికా శీర్షికలు ఐర్లాండులో వచ్చినట్టే మన దగ్గరా ఆర్యుల పేరుతో, ద్రావిడుల పేరుతో వస్తున్నాయి. వాటిని చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: వాళ్లు కొలిచింది జనాన్నా, భాషనా, సంస్కృతినా? ఒకదాని తేదీని మరోదానికి అంటగట్టారా? ఎన్ని ఎముకల మీద ఈ మాట అంటున్నారు? ఈ మూడింటికీ జవాబు దొరకని కథ ఎంత శాస్త్రీయంగా కనబడినా, అది ఇరవై ఒకటో శతాబ్దపు లెబోర్ గవాలాయే.